రైతుల అభ్యంతరం

నేను రాసింది ఒక్క వాక్యం. ‘లైను వెళ్లే దారిలో రైతుల అభ్యంతరం ఉంది.’ కింద సంతకం, తేదీ. సబ్‌స్టేషన్ వరండాలో, పక్కన పెట్టుకున్న టీ చల్లారేలోగా ఆ పని అయిపోయింది. కాగితం ఫైల్లో పెట్టేసి, పక్క ఊళ్లో ఎగిరిపోయిన ఫ్యూజు వెయ్యడానికి బండి తీశాను. రెండేళ్ల కిందట, చోడి చేలు ఇంకా పచ్చగా ఉన్న రోజుల మాట ఇది.

నేను కరెంటు లైన్‌మన్‌ని. బొబ్బిలిలో ఇల్లు. పది పన్నెండు కిలోమీటర్ల అవతల నాలుగు ఊళ్ల లైన్లు నేనే చూస్తాను. వాటిలో ఒకటి మా అప్పని ఇచ్చిన ఊరు. అక్కని మా ఇళ్లలో అప్ప అనే పిలుస్తాం. పేరు లక్ష్మణమ్మ. నాకంటే ఏడేళ్లు పెద్ద. బావ సోములు చెన్నైలో సెంట్రింగ్ పని చేస్తాడు. మూడు నెలలకోసారి వచ్చి, వారం ఉండి వెళ్తాడు. ఇద్దరు ఆడపిల్లలు, ఎకరం మెట్ట, ఒక గేదె, అన్నీ అప్పే చూసుకునేది.

ఆ ఏడు వానాకాలంలో అప్ప ఇంటి పక్కన రేకుల షెడ్డు వేయించి పిండిమిల్లు పెట్టింది. ఊళ్లో మిల్లు లేక కాదు. జగన్నాధం గారి మిల్లు ఇరవై ఏళ్లుగా ఉంది. కానీ అక్కడ ఎప్పుడూ ధాన్యం బస్తాలదే ముందు వరస. రాగుల్ని మేం చోళ్లంటాం, సజ్జల్ని గంటెలంటాం. చోళ్లు, గంటెలు గిన్నెల్లో తెచ్చుకున్న ఆడవాళ్లు పొద్దు వాలేదాకా గోడ నీడన కూర్చోవాలి. తీరా వాళ్ల వంతు వచ్చేసరికి మిరపకాయలు ఆడిన మరలోనే చోళ్లు పోసేసేవారు. ఆ పిండితో అంబలి కాస్తే పిల్లలు నోరు మండి ఏడ్చేవారు. చోళ్లకీ గంటెలకీ మాత్రమే ఒక శుభ్రమైన మిల్లు పెట్టాలి, మొలకెత్తించిన చోళ్ల పిండి పొట్లాలు కట్టి బొబ్బిలి దుకాణాలకి వెయ్యాలి. అప్ప ఆలోచన అది. ఊళ్లో మహిళా సంఘం తరఫున వెళ్లి వారం రోజులు పని నేర్చుకుని వచ్చింది. మర రాళ్లు అరిగిపోతే ఉలితో మళ్లీ గంట్లు కొట్టడం కూడా నేర్చుకుంది.

మోటారు బిగించిన మర్నాడు వెళ్లాను. బావ పాత ప్యాంటూ, పొడుగు చేతుల చొక్కా వేసుకుని, తలకి తువ్వాలు బిగించి చుట్టుకుని రాయి ముందు కూర్చుని ఉంది. నాకు నవ్వొచ్చింది.

“ఏటప్పా ఈ ఏషం?”

“నవ్వరా, నవ్వు. సీర బెల్టులో సిక్కుతాదని ఊరంతా ఒకటే గోల. సిక్కడానికి సీరుంటే గదా!” ఉలి పక్కన పెట్టి, చేతులు దులుపుకుని మోటారు చూపించింది. “దీనికి మూడు ఫేజుల కరెంటు గావాలంట. దరకాస్తు ఎట్టీసినాను. ఇంక మిగిలింది నీ సేతిలో పనే.”

నా చేతిలో పనే. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర్నుంచి షెడ్డుదాకా నాలుగు స్తంభాలు, మూడు పొలాల గట్ల మీంచి లైను. నేను స్థలం చూసి రాసిస్తే ఏఈ గారు అంచనా వేసి పైకి పంపుతారు.

“సోళ్ల కోతలకి ముందే ఇచ్చీగలవేటి?” అంది.

“ఎందుకివ్వనూ,” అన్నాను. ఆ మాట అన్నప్పుడు మనసులో ఏ దురుద్దేశమూ లేదు.

నాలుగు రోజుల తరవాత జగన్నాధం గారు కబురు పెట్టారు. ఆయన మా ఆవిడ అనితకి సొంత మేనమామ. పాతపట్నం అవతల కొండ ఊళ్లలో ఉద్యోగం చేస్తున్న నేను ఇంటికి దగ్గరగా రాగలిగానంటే ఆయన ఎవరికో చెప్పిన మాట వల్లే. మిల్లు ముందు కుర్చీ వేయించి, కొబ్బరిబొండం కొట్టించి చేతికిచ్చారు.

“లక్ష్మణమ్మ మంచి మనిసి అల్లుడూ. ఆవిడ మీద నాకు పగేటి? కానీ ఆడమనిసి. మొగుడు ఊర్లో ఉండడు. బెల్టు కాడ ఏదైనా అయితే? లైనిచ్చినోడివి నువ్వు. ఊరు నిన్ననదా?”

నేను బొండం ఖాళీ చేసి కింద పెట్టాను.

“మానీమనడం నేదు. ఈ ఒక్క సోళ్ల కాలం ఆగమంటన్నాను. మొదటేడు ఎటు అలవాటైతే జనం అటే ఎల్తారు. రైతులు ఒప్పుకోనేదని ఒక్క ముక్క రాసీ. ఎవల పేరూ ఒద్దు.”

ఇంటికొచ్చి అనితకి చెప్పాను. ఆమె చేటలో బియ్యం ఏరుకుంటూ తల ఎత్తకుండానే, “మావయ్య ఇన్నేళ్లకి నోరు తెరిసి ఒకటడిగినాడు. మీ అప్పకి వచ్చే ఏడు ఇవ్వొచ్చు గదా, ఎక్కడికి పోతాది?” అంది. నాకు కావలసిందీ అలాంటి మాటే. అప్ప మంచికే అని చెప్పుకున్నాను. ఆ చెప్పుకోవడం నాకు ఎంత బాగా పట్టిందంటే, చెన్నైకి ఫోన్ చేసి, “ఆ బెల్టూ అదీ సూస్తే నాకు బయమేస్తన్నాది బావా,” అని సోములు బావతో కూడా అన్నాను. ప్యాంటూ చొక్కా సంగతి చెప్పలేదు.

దరఖాస్తు తిరిగొచ్చింది. అప్ప చదువు ఏడో తరగతి. కాగితం మీద వేలు పెట్టి, ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివింది.

“ఏ రైతు?”

“పేర్లు రాయరప్పా.”

“లైనెల్లేది మూడు పొలాల మీంచే గదా. గణపతిరావుది, రాముడిది, నారాయణమ్మది. ఆళ్లనే అడిగీసొస్తాను.”

అడిగింది. మర్నాడు మధ్యాహ్నం బొబ్బిలి బస్సు దిగి మా ఇంటికొచ్చి గుమ్మంలోనే కూలబడింది. అనిత ఇచ్చిన నీళ్లు గుక్క తిప్పుకోకుండా తాగింది.

“ముగ్గురూ నాను కాదంటే నాను కాదంటన్నారు. గణపతిరావైతే స్తంభం ఏసుకోమని నా ఎదరే రాసిచ్చీసినాడు. రాముడు ఏలిముద్దరేసినాడు. నారాయణమ్మ రేపు కొడుకొచ్చాక సంతకం ఎట్టిస్తానంది. మరెవలు తమ్ముడూ?”

అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. మూడో సంతకం పడితే నా కాగితం అబద్ధమని తేలిపోతుంది. నా నోట్లోంచి వేరే మాట వచ్చింది.

“ఎదురుగా ఎవలొప్పుకుంటారప్పా? నారాయణమ్మ కొడుకు పనిసేస్తన్నది జగన్నాధం గారి మిల్లులోనే గదా.”

అప్ప నా మొహంలోకి చూసింది. తరవాత మెల్లగా తల పంకించింది. నారాయణమ్మ, మా అప్ప ఒకే ఏడు ఆ ఊరికి కోడళ్లై వచ్చినవాళ్లు. ఒకరి పిల్లలకి ఒకరు నీళ్లు పోసినవాళ్లు. మిల్లు పేరు ఎత్తగానే మొట్టమొదట భేష్ అన్నదీ నారాయణమ్మే. ఆ రోజు నుంచీ అప్ప ఆవిడ గుమ్మం తొక్కలేదు. సంతకం కోసం మళ్లీ అడగనూ లేదు.

కార్తీక మాసంలో కోతలు పడ్డాయి. ఆ ఏడు చోళ్లు విరగపండాయి. బావ చెన్నై నుంచి రోజూ ఫోన్ చేసి మోటారు అమ్మేయమన్నాడు. అప్ప అమ్మలేదు. చోళ్లు నూర్చగానే తన దగ్గరికే తెమ్మని ఊళ్లో ఆడవాళ్లందరికీ మాట ఇచ్చి ఉంది. గణపతిరావు కళ్లంలో పాత ఆయిలింజనొకటి పడి ఉంటే అడిగి తెచ్చుకుంది. చెరుకుతోటకి నీళ్లు తోడే ఇంజను. హ్యాండిల్ పెట్టి చేత్తో తిప్పితేగానీ అందుకోదు. మోటారు తీయించి, దాని చోట ఇంజను బిగించింది.

రెండు రోజులు మిల్లు ఆడింది. నేను ఆ దారినే వెళ్తూ చూశాను. షెడ్డు ముందు ముప్పై గిన్నెల వరకూ ఉన్నాయి. స్టీలువి, సత్తువి, ఒకటో రెండో ప్లాస్టిక్ బకెట్లు. అప్ప కనుబొమ్మల దాకా పిండి. నన్ను చూసి చెయ్యి ఊపింది. నేను బండి ఆపలేదు. పనుందన్నట్టు హారన్ కొట్టి వెళ్లిపోయాను.

మూడో రోజు పొద్దున్న మంచు బాగా కురిసింది. ఇంజను బిగుసుకుపోయింది. రెండుసార్లు తిప్పితే అందుకోలేదు. మూడోసారి అందుకుంటూనే హ్యాండిల్ ఎదురు తిరిగి అప్ప కుడి మణికట్టు మీద కొట్టింది. రెండు ఎముకలూ విరిగాయి.

ఫోన్ వచ్చినప్పుడు నేను స్తంభం మీద ఉన్నాను. ఫోన్ చేసింది గున్నమ్మ, అప్ప పక్కింటావిడ. “సెయ్యి ఏలాడిపోతన్నాది బాబూ, బేగి రా,” అని ఏడుస్తోంది. స్తంభం ఎలా దిగానో గుర్తు లేదు. ఆటోలో విజయనగరం తీసుకెళ్తుంటే అప్ప కళ్లు మూసుకుని ఒక్క మాటే పదేపదే అంది. “ఆళ్ల గిన్నెలు బయటున్నాయి. ఎవలైనా లోపలెట్టండి.” నాకు మాత్రం మోటారే కళ్లముందు మెదిలింది. కరెంటు ఉండి ఉంటే ఒక మీట నొక్కడమే పని. ఆ ఇంజను అప్ప షెడ్డులోకి వచ్చింది నా సంతకం మీద.

కట్టు కట్టించుకుని ఇంటికి తెచ్చాక చూడ్డానికి ఊరంతా వచ్చింది. బావ చెన్నై నుంచి వచ్చాడు. వచ్చిన రోజే షెడ్డుకి తాళం వేశాడు. ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి ఆడని చోళ్ల గిన్నెలు ఎత్తుకుని జగన్నాధం గారి మిల్లు వైపు వెళ్లారు. మంచం మీంచి అప్పకి వాళ్ల వీపులు కనిపిస్తూనే ఉన్నాయి.

జగన్నాధం గారు బత్తాయిలు పట్టుకుని వచ్చారు. అప్పటికి గదిలో పదిమంది దాకా ఉన్నారు.

“ముందే సెప్పినాం గదమ్మా,” అన్నారు ఆయన, నిజంగానే జాలిగా. “ఇంజన్లూ మిల్లులూ ఆడోల్ల పని కాదు. మీ తమ్ముడు కూడా ఎంత బయపడ్డాడో నాకు తెలుసు. అవునా అల్లుడూ?”

అందరూ నా వైపు తిరిగారు. అప్ప కూడా.

నేను తల ఊపాను.

కాగితం రాసినప్పుడు బుద్ధి గడ్డి తిందనుకోవచ్చు. నారాయణమ్మ మీద పెట్టినప్పుడు భయం అనుకోవచ్చు. తల ఊపినప్పుడు నాకు ఏ సాకూ లేదు. విరిగిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చున్న మనిషి ముందు, ఆమెదే తప్పని సాక్ష్యం చెప్పాను. అప్ప గోడ వైపు తిరిగి పడుకుంది.

ఆ తరవాత నాకు తిండి సయించలేదు. పదిహేను రోజులు తిరక్కముందే, బావ చెన్నై వెళ్లిపోయాడని తెలిసి ఒక మధ్యాహ్నం అప్ప ఇంటికి వెళ్లాను. పిల్లలు బడికి వెళ్లారు. అరుగు మీద కూర్చుని ఎడం చేత్తో అనపకాయలు వలుస్తోంది. కాయని మోకాలికి అదిమి పెట్టుకుని, బొటనవేలితో చీలుస్తోంది. ఒక్కో కాయకీ చాలాసేపు పడుతోంది.

“రైతులెవలూ అననేదప్పా,” అన్నాను. “నానే రాసినాను. జగన్నాధం గారు రాయమంటే రాసినాను.”

కాయ చేతిలోంచి జారింది. తీసి మళ్లీ మోకాలికి అదుముకుంది.

“నారాయణమ్మో?”

“ఆవిడకేటీ తెలీదు.”

అప్ప వీధిలోకి చూసింది. “మొన్న దాని అత్త సచ్చిపోతే నాను ఎల్లనేదురా. నాలుగిల్ల అవతలే. పాడె నా గుమ్మం ముందర నుంచే ఎల్లింది. దాని మొగం సూసి కూడా నాను లోపలికి ఎల్లిపోనాను.”

“తప్పయిపోయిందప్పా,” అన్నాను. ఏడుపు ఆగలేదు.

“ఏడవకు,” అంది. గొంతులో కోపం లేదు. ఓదార్పూ లేదు. “నాకేల సెప్తన్నావు? నాకు సెప్తే నీ బరువు దిగుతాది. నా మీదున్న మాట దిగుతాదేటి? ఆడది మిల్లుకి పనికిరాదని సిన్న గుంటపిల్లల కాడ నుంచీ అంటన్నారు. నా కూతుళ్లు ఇంటన్నారు. ఎవల ముందర తలూపినావో ఆళ్ల ముందర సెప్పు.”

అనపకాయల చేట ఎడం చంకలో ఇరికించుకుని లోపలికి వెళ్లింది. అన్నం తిని వెళ్లమని అనకపోవడం అదే మొదటిసారి.

నాకు పదకొండు రోజులు పట్టింది. రోజూ ఆ ఊరు వెళ్లాను, రోజూ ఏదో ఒక పని కల్పించుకుని తిరిగొచ్చాను. పన్నెండో రోజు లైను మరమ్మతు పడింది. ఆ ఊరికి కరెంటు ఆపించి, జగన్నాధం గారి మిల్లు ఎదురుగా ఉన్న స్తంభం మీద పాడైన పింగాణీ ఇన్సులేటర్లు మార్చాను. పని అయ్యేసరికి మిల్లు ముందు పాతికమంది గిన్నెలతో, బస్తాలతో కూర్చుని ఉన్నారు. మిల్లు ఆగిపోయింది కాబట్టి చుట్టూ చాలా నిశ్శబ్దంగా ఉంది.

“కరెంటెప్పుడొస్తాది బాబూ?” అడిగింది గోడ పక్కన కూర్చున్నావిడ. నారాయణమ్మ.

హెల్మెట్ తీసి చేత్తో పట్టుకున్నాను. “వస్తాది. దానికి ముందు ఒక మాట సెప్పాల,” అన్నాను. “మా అప్ప మిల్లుకి కరెంటు రాకండా ఆపింది నానే. రైతులు ఒప్పుకోనేదని దొంగ మాట రాసినాను. కరెంటుంటే ఆ ఇంజను ఉండదు, ఆవిడ సెయ్యి ఇరగదు. ఆడమనిసి అవడం వల్ల ఇరగనేదు. నా వల్ల ఇరిగింది.”

రాయించింది ఎవరో నేను చెప్పలేదు. చెప్పక్కర్లేకపోయింది. అందరి కళ్లూ మిల్లు గుమ్మంలోని కుర్చీ వైపు వెళ్లాయి. జగన్నాధం గారు నన్నే చూస్తూ, “బాగున్నాది అల్లుడూ,” అన్నారు. అంతే అన్నారు. వెనక ఎవడో కిసుక్కున నవ్వాడు.

నారాయణమ్మ లేచింది. “అయితే ఇన్నాల్లూ నాను దొంగనా?” అంది నా మొహం మీదికి వచ్చి. “నాను ఏం పాపం సేసినానని అది మొగం తిప్పుకుంటన్నాదో తెలీక సచ్చినాను గదరా!” చేయెత్తింది. కొడుతుందనుకున్నాను, కొట్టినా బాగుండేది. చెయ్యి దించి, తన చోళ్ల గిన్నె చంకకెత్తుకుని అప్ప ఇంటి వైపు నడిచింది. ఆవిడొక్కతే వెళ్లింది. మిగిలినవాళ్లు కరెంటు కోసం ఎదురుచూస్తూ అక్కడే కూర్చున్నారు. నేను వెళ్లి కరెంటు ఇప్పించాను. మిల్లు మళ్లీ ఆడింది.

ఆ సాయంత్రమే ఏఈ గారికి ఉన్నదున్నట్టు రాసిచ్చాను. మెమో ఇచ్చారు. ఏడాది ఇంక్రిమెంటు పోయింది. అనిత చాలా రోజులు మాట్లాడలేదు. మా అత్తగారు ఇప్పటికీ మా ఇంటికి రావడం లేదు. ఇవన్నీ నాకు పడవలసినవే. వీటిలో ఏ ఒక్కటీ అప్పకి ఉపయోగపడేది కాదు.

స్తంభాలు మాఘమాసంలో వేశాం. గోతులు తవ్వే దగ్గర్నుంచీ దగ్గరుండి చూశాను. అప్ప షెడ్డు తాళం తీసి, ఇంజను చోట మోటారు మళ్లీ బిగించుకుంది. కరెంటు వచ్చేనాటికి ఊళ్లో చోళ్లన్నీ ఆడించుకోవడం అయిపోయింది. జగన్నాధం గారు చెప్పినట్టే జరిగింది. మొదటేడు ఎటు అలవాటైతే జనం అటే. అప్ప అనుకున్న మిల్లులో ఇప్పటికీ సగమే నడుస్తోంది. బొబ్బిలిలో రెండు దుకాణాలు పొట్లాలు తీసుకుంటున్నాయి. ఎముకలు అతుక్కున్నాయిగానీ మణికట్టు పూర్తిగా తిరగదు. గిన్నె ఎత్తి మరలో ఒంపడం కుడిచేత్తో కాదు. ఆ పని నారాయణమ్మ చేస్తుంది. ఇద్దరూ కలిసే నడుపుతున్నారు.

కిందటి నెల ఇంట్లో చోళ్లుంటే ఐదు కేజీలు సంచిలో పోసుకుని వెళ్లాను. నా ముందు నలుగురున్నారు. వరసలో నిలబడ్డాను. నా వంతు వచ్చాక నారాయణమ్మ సంచి అందుకుంది, నా మొహం చూడకుండా మరలో ఒంపింది. అప్ప కిందనుంచి పిండి పట్టి, వేళ్ల మధ్య నలిపి చూసి, రాయి కొంచెం బిగించింది. పని మీద ఉన్న అప్ప మొహం నాకు తెలిసిన మొహంలా లేదు. అంతకంటే పెద్దదిగా, తీరిక లేనిదిగా ఉంది.

“సెయ్యి ఎలగున్నాదప్పా?”

“పని సేస్తన్నాది,” అంది. సంచి మూతి ముడిచి నా చేతికిచ్చింది. “ఏడిగా ఉన్నాది. ఎల్లగానే పళ్లెంలో ఆరబొయ్యి. ఏడి మీద మూతెడితే పాడైపోతాది.”

వచ్చిన వాళ్లందరికీ చెప్పే మాటే. చెప్పి, నా వెనకున్న ఆవిడ గిన్నె కోసం చెయ్యి చాపింది. ఎడం చెయ్యి. నేను పక్కకి జరిగాను.

బయటికొచ్చి, సంచి ఒళ్లో పెట్టుకుని బండి మీద చాలాసేపు కూర్చున్నాను. చొక్కాలోంచి పిండి వేడి కడుపుకి తగులుతూనే ఉంది.